యాపిల్ చెట్టుకు చలి దేనికి? మన కొండల్లో దాని కాపు మీద ఇంత అయోమయం ఎందుకు?

మేడ మీద డ్రమ్ములో యాపిల్ కాసిందనో, చేను గట్టున కాసిందనో ఏటా వేసవిలో వీడియోలు వరసపెట్టి వస్తుంటాయి. 2020 జూన్‌లో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాకు చెందిన ఒక రైతు తన తోటలో పండిన యాపిల్స్‌ని హైదరాబాద్ తెచ్చి అప్పటి ముఖ్యమంత్రికి ఇచ్చినప్పుడు ఆ వార్త రెండు రాష్ట్రాల్లోనూ అందరి నోటా నానింది. 2025లో హిమాచల్ ప్రదేశ్ రైతు హరిమన్ శర్మకు పద్మశ్రీ ప్రకటించాక, ఆయన పెంచిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 అనే రకం గురించి మళ్ళీ ఆరాలు మొదలయ్యాయి. వెంటే నర్సరీల ప్రకటనలు: '45 డిగ్రీల ఎండలోనూ కాసే యాపిల్'. ఇంకోవైపు, మంచు కురవని చోట యాపిల్ మాటెత్తడమే దండగ అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు.

రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే 'మన దగ్గర యాపిల్ కాస్తుందా' అని అడిగేటప్పుడు మనం మూడు వేర్వేరు సంగతులు ఒకేసారి అడుగుతున్నాం. చెట్టు బతుకుతుందా? బతికితే ఏటా సమంగా పూస్తుందా? పూసి కాస్తే ఆ కాయకు గిట్టుబాటు ధర పలుకుతుందా? మొదటిదానికి అవునని చెప్పడం తేలిక. రెండోది చలి లెక్క మీద ఆధారపడి ఉంటుంది. మూడోది మార్కెట్టు తేల్చాలి. అన్నిటికంటే ఎక్కువ అపార్థాలు రెండోదాని చుట్టూ ఉన్నాయి కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

యాపిల్ పుట్టిల్లు, ఆకు రాల్చే అలవాటు

ఇవాళ మనం తినే యాపిల్‌కు మూలమైన అడవి జాతి మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ పర్వతాలది. అక్కడి కజకిస్తాన్ కొండల్లో ఆ అడవి యాపిల్ చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎముకలు కొరికే చలికాలం, పొట్టి వసంతం, ఎండలు కాసే వేసవి. ఈ వాతావరణంలో బతికి బట్టకట్టాలంటే చెట్టు చలి రాకముందే పని కట్టిపెట్టాలి. అందుకే శరదృతువులో ఆకులన్నీ రాల్చి, మొగ్గల మీద గట్టి పొలుసులు కప్పుకుని నిద్రావస్థలోకి వెళ్తుంది. ఆ స్థితిలో సున్నాకు 20 డిగ్రీలు కింది చలినైనా తట్టుకోగలదు.

ఇక్కడ చెట్టుకు ఒక ప్రమాదం ఉంది. చలికాలం మధ్యలో నాలుగు రోజులు ఎండ కాస్తే వసంతం వచ్చేసిందని మోసపోయి చిగురిస్తే, ఆ తర్వాత వచ్చే మంచుకు చిగురూ పూవూ మాడిపోతాయి. ఈ ముప్పు నుంచి కాచుకోవడానికి చెట్టు లోపల ఒక కొలత ఏర్పడింది. తగినంత చలి గడిచిందని ఆ కొలత తేలేదాకా, బయట ఎంత వెచ్చగా ఉన్నా మొగ్గ కదలదు. నిద్రలో ఉన్న మొగ్గలో పెరుగుదలను ఆపే అబ్సిసిక్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. వారాల తరబడి చలి తగులుతున్నకొద్దీ అది తగ్గుతుంది, మూసుకుపోయిన కణాల మధ్య దారులు తెరుచుకుంటాయి. ఆ తర్వాతే మొగ్గ వెచ్చదనానికి స్పందిస్తుంది.

అంటే చెట్టుకు రెండు దశలు కావాలి: ముందు చలి, తర్వాత వెచ్చదనం. చలి చాలాక కొన్ని వారాల వెచ్చదనం పడితే గానీ పువ్వు విచ్చుకోదు. 'యాపిల్‌కు చలి కావాలి' అని మనం అనేది మొదటి దశ గురించి మాత్రమే.

ఈ ఏటి పువ్వు నిరుడే పుట్టింది

వసంతంలో కనిపించే యాపిల్ పూమొగ్గ అప్పటికప్పుడు పుట్టింది కాదు. అంతకుముందు వేసవిలో, చెట్టు మీద కాయలు ఎదుగుతున్న రోజుల్లోనే, పొట్టి కొమ్మల చివర్లలో మరుసటి ఏటి పూమొగ్గలు రూపం దిద్దుకోవడం మొదలవుతుంది. చలికాలమంతా అవి ఆ కొమ్మ చివరే ఉంటాయి. కాబట్టి చలి పువ్వును పుట్టించదు, ఉన్న పువ్వును నిద్ర లేపుతుంది.

దీనివల్లే ఇంకో సంగతి అర్థమవుతుంది. ఎదుగుతున్న కాయల్లోని గింజలు జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లను విడుదల చేస్తాయి, అవి పక్కనున్న పూమొగ్గలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది పూత పలచబడుతుంది. మామిడి రైతులకు బాగా తెలిసిన 'ఏడాది విడిచి ఏడాది కాపు' యాపిల్‌లోనూ ఉంది. అందుకే యాపిల్ రైతులు పిందె దశలోనే కొన్నిటిని తుంచేస్తారు. ఒక్క ఏడాది కాపు చూసి, అది బావున్నా బాగోకపోయినా, తోట మీద తీర్పు చెప్పకూడదనడానికి ఇదొక కారణం.

చలి గంటలు అంటే ఏమిటి, మంచు ఎందుకు లెక్కలోకి రాదు

చలిని కొలిచే అన్నిటికంటే పాత, తేలిక పద్ధతి చలి గంటలు. చలికాలంలో ఉష్ణోగ్రత 0 నుంచి 7.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్న గంటలను కూడడమే. 7.2 అనే వింత అంకె ఎక్కడిదంటే, అమెరికాలో ఫారన్‌హీట్ లెక్కలో పెట్టుకున్న 45 డిగ్రీలు మన కొలతలోకి మారిస్తే అంత వస్తుంది.

హిమాచల్‌కు ఎర్ర యాపిల్ పేరు తెచ్చిన డెలిషియస్ రకాలకు దాదాపు 1,000 నుంచి 1,200 చలి గంటలు కావాలంటారు. ఒక రోజంతా, 24 గంటలూ ఉష్ణోగ్రత ఆ హద్దుల్లోనే ఉందనుకుంటే 1,000 గంటలకు 42 రోజులు పడతాయి. రాత్రిపూట మాత్రమే, రోజుకు 8 గంటల చొప్పున ఆ చలి ఉంటే 125 రోజులు కావాలి. మన దగ్గర ఎంత చల్లని ఊళ్ళోనైనా అలాంటి రాత్రులు 125 రావు.

ఇప్పుడు ఒక రోజంతా సున్నాకు 5 డిగ్రీలు తక్కువ ఉన్న మంచుకొండను తీసుకోండి. ఆ రోజు చలి గంటలు ఎన్ని? సున్నా. మొగ్గ లోపలి మార్పులు జరగడానికి చలి కావాలి గానీ, గడ్డకట్టే చలిలో అవీ ఆగిపోతాయి. కాబట్టి 'మంచు కురిస్తేనే యాపిల్' అన్న మాట నిద్ర లేపే చలి విషయంలో సరికాదు. మరి హిమాచల్ రైతులు మంచును 'తెల్ల ఎరువు' అని ఎందుకంటారు? అది మెల్లగా కరిగి నేలలోకి ఇంకి, వసంతం దాకా వేళ్ళకు తేమ అందిస్తుంది. పైగా మంచు పడే చోట మిగతా చలికాలం కూడా సరిపడా చల్లగా ఉంటుంది. మంచు అక్కడ తోడు వచ్చేదే తప్ప అసలు కారణం కాదు.

ఒకే ఊరు, మూడు లెక్కలు

అసలు చిక్కు ఇక్కడుంది. పైన చెప్పిన కూడిక పద్ధతి మధ్యాహ్నపు ఎండను అసలు పట్టించుకోదు. ఉత్తరాదిలో అది పెద్ద లోపం కాకపోవచ్చు, ఎందుకంటే అక్కడ చలికాలపు పగలు కూడా చల్లనే. మన కొండల్లో రాత్రి వణికిస్తుంది, మధ్యాహ్నం చొక్కా తడుస్తుంది. అలాంటి చోటుకు ఆ పద్ధతి ఎంత పనికొస్తుంది?

1974లో అమెరికాలో వచ్చిన యూటా పద్ధతి ఈ లోపాన్ని సరిచేయబోయింది. అందులో 2.5 నుంచి 9.1 డిగ్రీల మధ్య గడిచిన గంటకు ఒక మార్కు. 9.2 నుంచి 12.4 మధ్య అర మార్కు. 12.5 నుంచి 15.9 దాకా సున్నా. 16 నుంచి 18 మధ్య అర మార్కు కోత. 18 దాటితే గంటకు ఒక మార్కు కోత.

లెక్క చేసి చూద్దాం. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఒక కొండ ఊళ్ళో జనవరి రోజు ఇలా గడిచిందని ఊహించుకోండి. తెల్లవారుజామున 2 నుంచి ఉదయం 8 దాకా 5–7 డిగ్రీలు, అంటే 6 గంటలు. 8 నుంచి 10 దాకా 10–12 డిగ్రీలు. 10 నుంచి 12 దాకా 14–15. మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 5 దాకా 19–23. తర్వాత 7 దాకా 17 దగ్గర. 9 దాకా 13–15. రాత్రి 9 నుంచి 2 దాకా 10–12.

పాత పద్ధతిలో ఈ రోజుకు 6 చలి గంటలు. యూటా పద్ధతిలో తెల్లవారుజాముకు 6 మార్కులు, ఉదయానికి 1, రాత్రికి రెండున్నర, మొత్తం తొమ్మిదిన్నర. మధ్యాహ్నపు ఎండకు 5, సాయంత్రానికి 1 కోత. మిగిలింది మూడున్నర. ఇలాంటి రోజులు 50 గడిస్తే పాత లెక్కలో 300, యూటా లెక్కలో 175. దాదాపు 200 నుంచి 300 గంటలు చాలనే అన్నా రకం యాపిల్‌కు మొదటి లెక్క ప్రకారం ఆ ఊరు పనికొస్తుంది, రెండో లెక్క ప్రకారం పనికిరాదు. ఇద్దరు నిపుణులు ఒకే ఊరి గురించి ఎదురెదురు మాటలు చెప్తే, ఇద్దరిలో ఒకరు అబద్ధం చెప్తున్నారని అనుకోనక్కర్లేదు. కొలబద్ద వేరు కావచ్చు.

మూడోది ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1980లలో తయారుచేసిన డైనమిక్ పద్ధతి. వాళ్ళ దేశం కూడా పగలు వెచ్చని చలికాలాలదే కాబట్టి ఈ సమస్య వాళ్ళకు బాగా అనుభవం. ఈ పద్ధతి ప్రకారం చలి రెండు మెట్లలో జమవుతుంది. మొదటి మెట్టులో పోగైనదాన్ని ఎండ చెరిపేయగలదు. తగినంత పోగై ఒక భాగంగా ఖాయమయ్యాక ఎంత ఎండ కాసినా అది చెక్కుచెదరదు. చలి రాత్రి తర్వాత వచ్చే నులివెచ్చని పగలు మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కడానికి సాయపడుతుంది కూడా. వెచ్చని ప్రాంతాల్లో నిజంగా చెట్టు ప్రవర్తించే తీరుకు ఈ లెక్కే ఎక్కువ దగ్గరగా ఉంటుందని పండ్ల తోటల శాస్త్రవేత్తలు చాలామంది ఒప్పుకుంటారు. అయితే దీనికి గంటగంటకూ ఉష్ణోగ్రత నమోదు కావాలి. పేపర్లో వచ్చే 'లంబసింగిలో కనిష్ఠం ఇన్ని డిగ్రీలు' అన్న ఒక్క అంకె దీనికి చాలదు. ఆ చలి ఎన్ని గంటలు నిలిచింది, మధ్యాహ్నం ఎంతకు పెరిగింది అన్నవే ముఖ్యం.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల ఏ పద్ధతిలో లెక్కగట్టినా వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. మైదానంలో కుండీలో కాసిన యాపిల్ వెనక వేరే కథ ఉంది, దాని దగ్గరికి వస్తాను.

చలి చాలని చెట్టు ఎలా ఉంటుంది

చనిపోదు. అందుకే చాలామంది మోసపోతారు. చలి చాలని చెట్టు కొమ్మల చివర్లలో మాత్రం చిగురిస్తుంది, మధ్యలో కొమ్మ బోడిగా మిగులుతుంది. పూత ఒక వారం పదిరోజుల్లో విరగబూయాల్సింది, నాలుగు ఇక్కడ, నాలుగు అక్కడ అన్నట్టు నెల దాటి సాగుతుంది. ఒక కొమ్మ మీద పిందె, పక్క కొమ్మ మీద మొగ్గ. ఫొటోకు అది ముచ్చటగానే ఉంటుంది. రైతుకు మాత్రం ఏ మందు ఎప్పుడు కొట్టాలో, కోత ఎప్పుడు పెట్టాలో తెలియదు. ఇంతకంటే పెద్ద నష్టం పరాగసంపర్కం దగ్గర జరుగుతుంది.

యాపిల్ పువ్వులు అయిదారు కలిసి గుత్తిగా వస్తాయి. మొగ్గగా ఉన్నప్పుడు గులాబీ రంగు, విచ్చుకుంటే తెలుపు, అయిదు రేకులు. గుత్తి నడిమి పువ్వు అన్నిటికంటే ముందు విచ్చుతుంది, మామూలుగా దాని కాయే పెద్దది. పువ్వులోని అండాశయంలో అయిదు అరలు, అరకు రెండు చొప్పున పది గింజల దాకా పడొచ్చు. మనం కొరికి తినే కండ భాగం చాలావరకు అండాశయం చుట్టూ ఉన్న పూగిన్నె ఉబ్బితే వచ్చినది. గింజలున్న గట్టి గుండె భాగమే అసలు అండాశయం. గింజలు సరిగా పడని వైపు కండ ఎదగదు, కాయ వంకర తిరుగుతుంది. బజార్లో ఒక పక్క నొక్కుకుపోయిన యాపిల్ కనిపిస్తే అడ్డంగా కోసి చూడండి, ఆ పక్క అర ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ.

ఇక చిక్కు ఏమిటంటే, చాలా యాపిల్ రకాలు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు. ఒకే రకం చెట్లు వంద నాటినా అవి జన్యుపరంగా ఒకే చెట్టు కిందే లెక్క. వేరే రకం పుప్పొడి కావాలి, దాన్ని మోసుకొచ్చే తేనెటీగ కావాలి, రెండు రకాలూ ఒకే వారంలో పూయాలి. హిమాచల్ తోటల్లో డెలిషియస్ చెట్ల మధ్య గోల్డెన్ డెలిషియస్ లాంటి రకాలు పెట్టేది ఇందుకే. పూత వేళకు తేనెటీగల పెట్టెలు అద్దెకు తెచ్చుకునేదీ ఇందుకే. చైనాలోని సిచువాన్ రాష్ట్రం మావోషియన్ ప్రాంతంలో తేనెటీగలు కరువై, మనుషులు చెట్లెక్కి పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దిన రోజులున్నాయి. చలి చాలక రెండు రకాలూ వేర్వేరు వారాల్లో పూస్తే, పువ్వులు నిండుగా కనిపించినా పిందె కట్టదు.

గింజ నాటితే ఎందుకు కుదరదు, కొత్త రకం మరి ఎలా పుట్టింది

ప్రతి కాయలోనూ వేరే చెట్టు పుప్పొడి కలిసింది కాబట్టి ప్రతి గింజా ఒక కొత్త కలయిక. రాయల్ డెలిషియస్ గింజ నాటితే రాయల్ డెలిషియస్ రాదు. చాలావరకు చిన్న, పుల్లని కాయలే వస్తాయి. అందుకని నచ్చిన చెట్టు పుల్లను ఇంకో వేరు మొక్క మీద అంటుకడతారు. పైభాగం కాయ గుణాన్ని, కింది రూట్‌స్టాక్ చెట్టు ఎత్తునూ వేళ్ళ బలాన్నీ నిర్ణయిస్తాయి. ఎం-9, ఎంఎం-106, ఎంఎం-111 అని నర్సరీ చీటీల మీద కనిపించేవి ఈ రూట్‌స్టాక్ పేర్లు, ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రంతో ముడిపడినవి. ఎం-9 మీద చెట్టు పొట్టిగా ఉండి త్వరగా కాపుకొస్తుంది, కానీ ఊతకర్ర లేనిదే నిలవదు. ఎంఎం-106కు నీరు నిలిచే నేలలో మొదలు కుళ్ళే జబ్బు బెడద ఎక్కువ. మన నల్లరేగడికి ఇది చిన్న విషయం కాదు.

నూటికో కోటికో ఒక గింజ మొక్క అదృష్టవశాత్తూ మంచిదవుతుంది. హెచ్‌ఆర్‌ఎంఎన్-99 కథ అదే. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా గ్రామం యాపిల్ పండే ఎత్తులో లేదు, దాదాపు 1,800 అడుగులే. 1990ల చివర్లో హరిమన్ శర్మ ఇంటి దగ్గర తిని పారేసిన యాపిల్ గింజల నుంచి మొలిచిన మొక్క ఆ వెచ్చదనంలోనే కాసింది. ఆయన దాన్ని వదిలేయకుండా అంటుకట్టి పెంచారు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ దాన్ని చేపట్టి, పలు రాష్ట్రాల్లో నాటించి పరీక్షించింది. ఎవరి మందలింపూ వినకుండా ఒక రైతు తన పెరటి మొక్కను గమనించడంతో ఇంత జరిగింది, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే.

అన్నా రకం అలా దొరికింది కాదు, కావాలని చేసిన సంకరం. ఇజ్రాయెల్‌లోని ఐన్ షెమెర్ కిబ్బుట్జ్ (ఉమ్మడి వ్యవసాయ గ్రామం)లో అబ్బా స్టీన్ అనే ఆయన స్థానిక రకం రెడ్ హదస్సియాను గోల్డెన్ డెలిషియస్‌తో కలిపి తీశారు. దీనికి జోడీగా పుప్పొడి కోసం నాటే డోర్సెట్ గోల్డెన్ బహామాస్ దీవుల్లో దొరికిన రకం. తక్కువ చలి యాపిల్ అనగానే ప్రపంచమంతా వినిపించే పేర్లు ఈ రెండూ.

చలి లేకుండానే పూయించే పద్ధతి

ఇండోనేషియాలో తూర్పు జావాలోని బాటు అనే కొండ ఊరు భూమధ్యరేఖకు దగ్గర. చలికాలం అన్నదే లేదు. అయినా అక్కడ దశాబ్దాలుగా యాపిల్ తోటలున్నాయి, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. ఎలా? కోత అయ్యాక కొన్ని వారాలకు చెట్టు మీది ఆకులన్నీ మనుషులు చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢ నిద్రలోకి జారకముందే ఆకు పోతే, పక్కనున్న మొగ్గ మళ్ళీ మేలుకుని పూస్తుంది. చెట్టును నిద్ర లేపడం కాదు ఇది, అసలు నిద్రపోనివ్వకపోవడం.

యాపిల్ గాఢ నిద్రలోకి వెళ్ళడానికి పగటి పొడుగు తగ్గడం కంటే తొలి చలి తగలడమే ముఖ్య కారణమని పరిశోధనల్లో తేలింది. కాబట్టి ఎప్పుడూ వెచ్చగా ఉండే చోట ఈ కిటుకు పనిచేస్తుంది. మైదానంలో కుండీల్లో కాస్తున్న అన్నా చెట్ల వెనక కూడా చాలాసార్లు ఉన్నది ఇదే: ఆకు దూయడం, కొమ్మ వంచడం, నీళ్ళు ఆపి మళ్ళీ పెట్టడం.

మన రైతులకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. బత్తాయికి నీళ్ళు ఆపి బెట్ట పెట్టి పూత రప్పిస్తారు. ద్రాక్ష కూడా చలి దేశాల్లో ఆకు రాల్చి నిద్రపోయే తీగే. హైదరాబాద్ చుట్టుపక్కల రైతులు ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరింపులు చేసి దాన్ని ఇక్కడి పంటగా మార్చుకున్నారు. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు హైదరాబాద్ పేరు అంటుకుపోయింది. మొగ్గలు సమంగా పగలడానికి ద్రాక్షలో వాడే హైడ్రోజన్ సైనమైడ్‌నే తక్కువ చలి ప్రాంతాల యాపిల్ తోటల్లోనూ వాడతారు. అది మనిషికి గట్టిగా హాని చేసే విషం, ఐరోపాలో దానికి అనుమతి తీసేశారు కూడా.

అయితే బాటు పద్ధతికి చాలా కూలి పడుతుంది. మన మైదానాల్లో మే నెల ఎండ కూడా బాటు ఎరగనిది. వెయ్యి మీటర్ల ఎత్తులో ఏడాది పొడుగునా ఒకేలా చల్లగా ఉండే చోటునీ, 43 డిగ్రీలు కాసే చోటునీ ఒకే గాటన కట్టలేం.

ఆశపడేవాళ్ళ వాదన, అనుమానించేవాళ్ళ వాదన

ఆశపడేవాళ్ళు చూపేది ధనోరా లాంటి తోటలను. కెరమెరి, సిర్పూర్ ప్రాంతాలు తెలంగాణలో చలి ఎక్కువున్నవి, రాత్రి ఉష్ణోగ్రత తరచూ ఒంటి అంకెలోకి పడిపోతుంది. ధనోరా రైతుకు హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు, ఉద్యాన శాఖ తోడ్పడ్డారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి ఏజెన్సీలోనూ సీసీఎంబీ యాపిల్ మొక్కలను ప్రయోగాత్మకంగా నాటించింది. కాఫీ, మిరియాలకు తోడు ఇంకో పంట దొరికితే గిరిజన రైతుకు మేలేనన్నది వాళ్ళ మాట. ఇంకో బలమైన కారణం కూడా చెప్తారు. తక్కువ చలి రకాలు జూన్ నాటికి పండుతాయి. హిమాచల్ పంట జోరుగా దిగేది జూలై దాటాక, కశ్మీర్ పంట ఆ తర్వాత. మధ్యలో ఉన్న ఆ ఖాళీలో బజారుకు తాజా యాపిల్ వస్తే కొనేవాళ్ళుంటారు.

అనుమానించేవాళ్ళు కాయ గుణం గురించి అడుగుతారు. యాపిల్‌కు ఎర్ర రంగునిచ్చే ఆంథోసయనిన్లు చల్లని రాత్రుల్లో బాగా ఏర్పడతాయి. ఏప్రిల్, మే రాత్రుల్లో పండిన కాయకు పసుపు మీద కొంచెం ఎరుపు జీర తప్ప నిండు రంగు రాదు. వెచ్చని చోట త్వరగా పండిన అన్నా త్వరగా మెత్తబడుతుంది. డెలిషియస్‌ను ఆక్సిజన్ తగ్గించిన గోదాముల్లో నెలల తరబడి దాచినట్టు దీన్ని దాచలేరు. హైదరాబాద్ శివారు బాటసింగారం పండ్ల మార్కెట్లో అది పోటీ పడాల్సింది కశ్మీర్, హిమాచల్ సరుకుతోనే కాదు, ఇరాన్, తుర్కియే నుంచి వచ్చే పెట్టెలతో కూడా. ఆ దిగుమతుల చవక ధర ఎంత సమస్య అయిందంటే, 2023 మేలో కేంద్రం కిలో 50 రూపాయలకంటే తక్కువకు యాపిల్ దిగుమతి చేయకూడదని ఆంక్ష పెట్టాల్సి వచ్చింది.

ఈ రెండు వాదనల మధ్య తేడా ఎంత డబ్బవుతుందో ఒక ఊహా లెక్క చూడండి. అంకెలు అర్థం కావడానికి పెట్టినవే. ఎకరంలో 15 అడుగుల ఎడంలో 193 చెట్లు పడతాయి. సమంగా పూసి, చెట్టుకు 20 కిలోలు కాసి, కిలోకు 60 రూపాయలు పలికితే 2,31,600 రూపాయలు. అదే చెట్లు విడతలు విడతలుగా పూసి, చెట్టుకు 10 కిలోలే నిలిచి, చిన్నాపెద్దా కలిసిన సరుకుకు కిలో 40 చొప్పున వస్తే 77,200 రూపాయలు. రెండు తోటల గురించీ 'యాపిల్ కాసింది' అనే చెప్పుకుంటారు. వీడియోలో రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

నాకు తోచేది ఇది. ఆసిఫాబాద్, అల్లూరి జిల్లాల కొండల మీద ప్రయోగాలు చేయడానికి తగిన కారణం ఉంది, అవి ఆగకూడదు. కానీ రెండు మూడు కాపుల విజయాన్ని చూపించి మైదానపు రైతుకు వందల మొక్కలు అమ్మడం వేరే సంగతి. అక్కడ చలి లెక్క లేదు, ఆకు దూసే కూలి లెక్క కూడా ఎవరూ చెప్పరు.

అదే చలి, అక్కడ ఇంకో రకం టెన్షన్

మనం చలి ఎలా దొరుకుతుందా అని చూస్తుంటే, యాపిల్‌కు పేరుపడ్డ చోట అది తగ్గిపోతోందని దిగులు. హిమాచల్‌లో ఎర్ర డెలిషియస్ సాగును పాదుకొల్పింది అమెరికా నుంచి వచ్చి సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్, తర్వాత సత్యానంద్ స్టోక్స్‌గా పేరు మార్చుకున్న ఆయన. 1916లో అమెరికాలోని స్టార్క్ నర్సరీ మొక్కలు తెప్పించి నాటారు. అప్పట్లో యాపిల్‌కు తగినవనుకున్న కింది ఎత్తుల్లో ఇప్పుడు చలికాలాలు వెచ్చబడ్డాయి. కుల్లూ లోయ దిగువన రైతులు దానిమ్మ, జపాన్ తునికి (పర్సిమన్), కూరగాయల వైపు మళ్ళారు. పైన, ఒకప్పుడు యాపిల్‌కు మరీ చలి అనుకున్న లాహౌల్-స్పితిలో కొత్త తోటలు వేస్తున్నారు. ఇంకొందరు డెలిషియస్ తీసేసి తక్కువ చలి చాలే గాలా రకాలు పెడుతున్నారు.

మరి హిమాచల్ అంతటా అన్నానే నాటేస్తే సరిపోదా? కుదరదు. తక్కువ చలితో నిద్ర తీరే చెట్టు, చలి పుష్కలంగా ఉన్న కిన్నౌర్ లాంటి చోట చాలా ముందే మేలుకుంటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే పూస్తుంది. నిద్రలో ఉన్నప్పుడు సున్నాకు 20 డిగ్రీలు కింది చలిని తట్టుకున్న మొగ్గ, పువ్వుగా విచ్చాక ఏమీ తట్టుకోలేదు. నిండు పూత మీద ఉష్ణోగ్రత సున్నాకు 2.2 డిగ్రీలు కిందికి అరగంట పడిపోతే పదింట ఒక పువ్వు చస్తుంది, 3.9 కిందికి పడిపోతే పదింట తొమ్మిది పోతాయి. చింతపల్లిలో అన్నాను పూయించగల గుణమే కిన్నౌర్‌లో దాని పూతను మాడ్చేస్తుంది. కిన్నౌర్‌లో పూతను ఏప్రిల్ దాకా ఆపి కాపాడే డెలిషియస్ గుణం చింతపల్లిలో ఆ చెట్టును పూయనివ్వదు. మొక్క కొనేటప్పుడు రకం పేరుతో పాటు దానికెన్ని చలి గంటలు కావాలో, నాటబోయే చోట గంటగంటకూ ఉష్ణోగ్రత ఎలా ఉంటుందో కలిపి చూడాల్సి రావడం ఇందువల్లే.